చక్రం దిగనప్పుడు

2023 జూలై 11న బెంగళూరు పాత విమానాశ్రయం, అంటే హెచ్‌ఏఎల్ రన్‌వే నుంచి ఒక చిన్న జెట్ విమానం లేచింది. రకం ప్రీమియర్ 1ఏ, నమోదు సంఖ్య వీటీ-కేబీఎన్. అది పోవలసింది ఎంతో దూరం కాదు, దేవనహళ్ళి దగ్గరి కెంపేగౌడ విమానాశ్రయానికే. లోపల ప్రయాణికులు లేరు, ఉన్నది ఇద్దరు పైలట్లు. టేకాఫ్ తర్వాత ముందు చక్రం మొరాయించింది. పైలట్లు వెనక్కి తిరిగి, ముక్కు కింద చక్రం లేకుండానే హెచ్‌ఏఎల్ రన్‌వే మీద దిగారు. విమానం వెనక రెండు కాళ్ల మీద పరుగెత్తి, ఆఖరుకు ముక్కు నేలకు ఆనించి ఆగింది. ఇద్దరికీ ఏమీ కాలేదు. ఆ దిగడాన్ని వీడియోలో చూసినవాళ్లలో చాలామంది దాన్ని అదృష్టం కింద జమకట్టారు. అందులో అదృష్టం పాలు తక్కువ, పనితనం పాలు ఎక్కువ అన్నది నా నమ్మకం. ఆ పనితనం ఎలాంటిదో, అది తప్పిన చోట ఏం జరిగిందో ఒకచోట పెట్టి చూడడానికే ఈ వ్యాసం.

చిక్కబళ్ళాపురం, చింతామణి, బాగేపల్లి వాళ్లకు ఇది పరాయి సంగతి కాదు. 2008 మేలో దేవనహళ్ళి విమానాశ్రయం తెరిచినప్పటి నుంచి ఈ మూడు తాలూకాల ఆకాశం విమానాల దారి అయింది. 2019 డిసెంబరులో రెండో రన్‌వే వచ్చాక రద్దీ ఇంకా పెరిగింది. ఇక్కడి పూలు అక్కడి నుంచే పరదేశాలకు పోతాయి. ఇక్కడి పిల్లలు అక్కడే ఉద్యోగాలు చేస్తారు. విమానం ఎక్కే ప్రతి ఇంట్లోనూ ఒక్కసారైనా వచ్చే ప్రశ్న: పైకి పోయాక చక్రాలు రాకపోతే?

జవాబు ముందే చెబుతాను. చక్రం దిగకపోవడం ఒక్కటే మనుషులను చంపిన సందర్భాలు విమానయాన చరిత్రలో చాలా అరుదు. చంపినవి దాని చుట్టూ ఉన్నవి: అందరూ ఒకే దీపం మీద కళ్లు పెట్టి ఎత్తు మరిచిపోవడం, గిరికీలు కొడుతూ ఇంధనం అవగొట్టుకోవడం, పొట్ట నేలను తాకాక మళ్లీ పైకి లేవాలనుకోవడం, రన్‌వే చివర గట్టి గోడలాంటిది కట్టి ఉంచడం. ఈ నాలుగింటికీ నాలుగు పెద్ద ప్రమాదాలు సాక్ష్యం. ఆ నాలుగూ పెద్ద విమానాలవే, కానీ చిన్న విమానం నడిపేవాళ్లు నేర్చుకునేదంతా వాటిలోనే ఉంది.

ముందు ఆ యంత్రం సంగతి. ట్రాక్టరు వెనక నాగలిని ఎత్తి దించే హైడ్రాలిక్ ఆయిలు ఒత్తిడి రైతులందరికీ తెలుసు. చాలా విమానాల చక్రాలు ఎత్తి దించేదీ అదే సూత్రం. ఒక పంపు, ఒత్తిడి మోసే గొట్టాలు, కాలును కదిపే ఆక్చుయేటర్, పైన ఉన్నప్పుడు పట్టి ఉంచే కొక్కెం, కింద ఉన్నప్పుడు మడత పడకుండా బిగించే లాకు, వీటన్నిటి స్థితినీ చెప్పే చిన్న స్విచ్చులు, కాక్‌పిట్‌లో మూడు పచ్చ దీపాలు. మూడూ వెలిగితే మూడు కాళ్లూ దిగి, బిగుసుకున్నాయని అర్థం. ఎర్ర దీపం వెలిగితే కాలు మధ్యలో ఎక్కడో ఉంది. ఈ వరుసలో ఎక్కడ తెగినా లోపమే. పంపు ఆగవచ్చు, ఆయిలు కారిపోవచ్చు, కొక్కెం విడవకపోవచ్చు, లాకు పడకపోవచ్చు. అన్నీ బాగుండి బల్బు మాత్రమే మాడిపోనూవచ్చు. పైలటుకు ఇవన్నీ మొదట ఒకేలా కనిపిస్తాయి, ఒక దీపం వెలగలేదు, అంతే. అసలు కష్టం అక్కడే మొదలవుతుంది.

దీపాలు చెప్పలేని లోపాలూ ఉన్నాయి. 2021 మే 6న నాగపూర్‌లో ఒక ఎయిర్ అంబులెన్స్, బీచ్‌క్రాఫ్ట్ సీ90 రకం, టేకాఫ్ అవుతుండగా ఒక చక్రం ఊడి పడిపోయింది. 2025 సెప్టెంబరులో కాండ్లా నుంచి ముంబయికి లేచిన క్యూ400 విమానానిదీ అదే కథ: బయటి చక్రం ఒకటి రన్‌వే మీదే ఉండిపోయింది. ఇలాంటప్పుడు కాలు దిగే ఉంటుంది, లాకూ పడుతుంది, దీపాలూ వెలుగుతాయి. లేనిది చక్రం మాత్రమే. ఆ సంగతి కింద నుంచి ఎవరో చూసి చెప్పాలి. ఇంకో రకం, దిగాక విరిగేది. 2015 మార్చి 8న బెంగళూరు నుంచి హుబ్బళ్ళి వెళ్లిన క్యూ400 వానలో రన్‌వే అంచు దాటింది, ఎడమ కాలు విరిగి పక్కకు ఒరిగిపోయింది. అందరూ క్షేమంగా బయటపడ్డారు. దీనికి ముందస్తు చెక్‌లిస్టు ఏదీ ఉండదు. దిగిన వెంటనే లోపలివాళ్లను ఎంత త్వరగా బయటికి తెస్తారన్నదే ముఖ్యం.

ఇప్పుడు కాక్‌పిట్‌లోకి పోదాం. ప్రపంచంలో ఏ శిక్షణ పాఠశాలలోనైనా చెప్పే మొదటి మాట ఒకటే: ముందు విమానాన్ని ఎగరనివ్వు, తర్వాతే మిగతావన్నీ. ఇది వినడానికి చిన్నమాట. దీన్ని మరిచినందుకు 1972 డిసెంబరు 29 రాత్రి మయామీ దగ్గర 101 మంది పోయారు. ఈస్టర్న్ 401 విమానానికి ముందు చక్రం పచ్చ దీపం వెలగలేదు. రెండు వేల అడుగుల ఎత్తులో ఆటోపైలట్ మీద పెట్టి, కాక్‌పిట్‌లో ఉన్నవాళ్లంతా ఆ దీపం పనిలో పడ్డారు. ఒకరు బల్బు తీసి చూస్తున్నారు, ఇంకొకరు కింది అరలోకి దిగి చక్రాన్ని కళ్లారా చూడబోయారు. ఆ సందట్లో ఆటోపైలట్ ఎత్తు పట్టు వదిలింది, ఎవరూ గమనించలేదు. విమానం నెమ్మదిగా దిగుతూ ఎవర్‌గ్లేడ్స్ చిత్తడిలో కూలింది. తర్వాత చూస్తే ముందు చక్రం సరిగ్గానే దిగి ఉంది. మాడినవి బల్బులు.

ఆ రెండు వేల అడుగులను మన ఆకాశంలోకి తెచ్చి చూడండి. దేవనహళ్ళి రన్‌వేలు సముద్రమట్టానికి దాదాపు మూడు వేల అడుగుల ఎత్తున ఉన్నాయి. నంది కొండ శిఖరం 1,478 మీటర్లు, అంటే సుమారు 4,850 అడుగులు. రన్‌వేకు రెండు వేల అడుగుల పైన తిరుగుతూ ఉత్తరానికి జరిగిన విమానానికి, నంది శిఖరానికి మధ్య మిగిలేది నూటయాభై అడుగులు. పక్కనే స్కందగిరి ఉంది. రాత్రిపూట, మబ్బులో, దీపం గొడవలో పడిన పైలటుకు ఆ దూరం దూరమే కాదు. అందుకే చక్రం లోపం తెలిసిన వెంటనే చేయాల్సిన పని చెక్‌లిస్టు తెరవడం కూడా కాదు. ఏటీసీకి చెప్పి, కొండలకు దూరంగా, సురక్షితమైన ఎత్తుకు పోయి, నిదానంగా తిరగడానికి ఒక చోటు అడగాలి. ఎత్తు ఉంటే సమయం దొరుకుతుంది. సమయం దొరికితే ఆలోచన దొరుకుతుంది.

అయితే ఆ సమయానికీ హద్దు ఉంది. 1978 డిసెంబరు 28న అమెరికాలోని పోర్ట్‌లండ్‌లో దిగబోతున్న యునైటెడ్ 173 విమానం చక్రాలు దించినప్పుడు పెద్ద చప్పుడు వచ్చింది, ఒక దీపం వెలగలేదు. తుప్పు పట్టిన ఒక రాడ్డు విడిపోయి కుడి కాలు ధబాలున పడింది, కానీ పడి బిగుసుకునే ఉంది. కెప్టెన్ సుమారు గంటసేపు గిరికీలు కొట్టించాడు: ప్రయాణికులను సిద్ధం చేయాలి, అన్నీ సరిచూడాలి, తొందర వద్దు అనుకున్నాడు. ఇంధనం అయిపోతోందని పక్కవాళ్లు అన్నారు గానీ గట్టిగా అనలేకపోయారు. ఇంజిన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. విమానం ఊరి శివారులో కూలి 10 మంది చనిపోయారు. చక్రాల మీద దిగి ఉంటే బహుశా ఒక్కరికీ దెబ్బ తగిలేది కాదు.

ఈ ప్రమాదం విమానయానం మీద వేసిన ముద్ర ఇంత అని చెప్పలేం. కెప్టెన్ ఎంత పెద్దవాడైనా కింది ఉద్యోగి నోరు తెరిచి చెప్పాలి, చెబితే వినాలి, పనులు పంచుకోవాలి అన్న శిక్షణ అంతకుముందు పద్ధతి ప్రకారం లేదు. 1981 నాటికి యునైటెడ్ సంస్థే దాన్ని ప్రవేశపెట్టింది, తర్వాత ప్రపంచమంతా పాకింది. ఇవాళ మన చార్టర్ సంస్థల పైలట్లూ ఏటా ఆ శిక్షణ తీసుకుంటారు. మన సమాజంలో పెద్దవాళ్ల మాటకు ఎదురు చెప్పకపోవడం మర్యాద. కాక్‌పిట్‌లో అదే మర్యాద ప్రాణాంతకం. ప్రీమియర్ 1ఏ ఒక్క పైలటే నడపడానికి అనుమతి ఉన్న విమానం. అయినా హెచ్‌ఏఎల్ సంఘటనలో ఇద్దరు ఉన్నారు. ఒకరు ఎగరేస్తుంటే ఇంకొకరు పుస్తకం చదవగలగడం ఎంత పెద్ద బలమో, చిన్న విమానాలను అద్దెకు తీసుకునే సంస్థలు, ఆసుపత్రులు, ఎన్నికల సమయంలో నాయకులు ఆలోచించాలి. రెండో పైలటు జీతం మిగుల్చుకోవడం పొదుపు కాదు.

ఇంధనం విషయంలో చిన్న విమానాలకు ఒక ప్రత్యేకత ఉంది. కింగ్ ఎయిర్, ప్రీమియర్, ఏటీఆర్ లాంటివి గాలిలో ఇంధనాన్ని పారబోయలేవు. బరువు తగ్గాలంటే కాల్చాల్సిందే. బరువు తగ్గితే దిగే వేగం తగ్గుతుంది, మంటకు మేత కూడా తగ్గుతుంది, కాబట్టి తిరగడంలో అర్థం ఉంది. కానీ ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు దిగి తీరాలో ముందే కాగితం మీద రాసుకుని తిరగాలి. ఆ సమయం వచ్చాక చెక్‌లిస్టు సగంలో ఉన్నా ఆపేసి దిగాలి. ఒకసారి దిగబోయి తప్పితే ఇంకోసారి ప్రయత్నించేంత ఇంధనం అప్పటికి మిగిలి ఉండాలి.

చెక్‌లిస్టులో ఏముంటుంది? విమానాన్ని బట్టి మారుతుంది గానీ దారి ఒకటే: తేలికైనవి ముందు, వెనక్కి తిప్పలేనివి చివర. బల్బు పరీక్షించు. సర్క్యూట్ బ్రేకరు బయటికి పొడుచుకుని వచ్చిందేమో చూడు. హైడ్రాలిక్ ఆయిలు ఎంత ఉందో చూడు. వేగం పరిమితికి లోపల ఉందా చూడు, ఎందుకంటే గాలి ఒత్తిడికి కొన్ని కాళ్లు పూర్తిగా బిగుసుకోవు. ఇవన్నీ అయ్యాకే ప్రత్యామ్నాయ పద్ధతి. బొనాంజా లాంటి చిన్న విమానంలో సీటు వెనక ఉండే పిడిని దాదాపు యాభై చుట్లు తిప్పాలి. పైపర్ యారోలో ఒక లీవరు నొక్కితే ఒత్తిడి విడిపోయి కాళ్లు బరువుకే పడతాయి. కొన్ని సైటేషన్ జెట్లలో కొక్కేలు విడిపించే పిడి లాగి, సీసాలో బిగించి ఉంచిన నైట్రోజన్ వాయువుతో కాళ్లను కిందికి నెట్టాలి. ఏటీఆర్‌లో బరువుకు వదలడమే. క్యూ400లో పైకప్పులో ఒక మూత, నేలలో ఒక మూత, చేతిపంపు. 2011లో హైదరాబాదు నుంచి తిరుపతికి, ఇతర ఊళ్లకు తిరగడం మొదలుపెట్టిన ఆ క్యూ400లు ఎక్కినవాళ్లలో ఎవరికీ కాక్‌పిట్ నేలలో ఒక చేతిపంపు ఉంటుందని తెలిసి ఉండదు.

ఈ పద్ధతుల్లో చాలావాటికి ఒక షరతు ఉంది. అలా దించిన కాళ్లు గాలిలో మళ్లీ పైకి పోవు. అందుకే టేకాఫ్ తర్వాత చక్రాలు పైకి రాకపోతే, మూడు పచ్చ దీపాలూ వెలుగుతుంటే, మీటను పైకీ కిందికీ ఆడించకుండా అలాగే దింపుకుని తిరిగి రావడం మంచిది. దిగి ఉన్న కాలును చేతులారా పోగొట్టుకోవడం ఎందుకు? పైలట్లు మీటను ఆడించి, సగంలో ఇరికించిన సంఘటనలు శిక్షణ తరగతుల్లో తరచూ చెబుతారు.

టవర్ పక్కగా తక్కువ ఎత్తులో పోయి, కాళ్లు దిగాయో లేదో చూసి చెప్పమని అడగడం పాత అలవాటు. అది ఒక్క విషయమే చెబుతుంది: కాలు కనిపిస్తోందా, వంకరగా ఉందా, చక్రం ఉందా. లాకు పడిందా అన్నది దుర్బిణీకి అందదు. రాత్రి అసలే అందదు. అలా పోవడం వల్ల వచ్చే సమాచారం నిర్ణయాన్ని మారుస్తుందంటేనే పోవాలి. ఊరికే మనసు తృప్తికోసం నేలకు దగ్గరగా వెళ్లడం నాకు సమ్మతం కాదు.

అన్నీ చేశాక ఇంకా ఒక కాలు రాలేదనుకుందాం. ఇక్కడ నిపుణుల్లోనే రెండు పక్షాలు ఉన్నాయి. ముందు చక్రం మాత్రమే రాకపోతే తగవు లేదు: ప్రధాన కాళ్ల మీద దిగి, ముక్కును గాలిలో పట్టి ఉంచగలిగినంత సేపు పట్టి, పట్టు ఇంకా ఉండగానే మెల్లగా ఆనించాలి. 2012 జూన్‌లో సిల్చర్ నుంచి గువాహటికి లేచిన ఏటీఆర్ ముందు చక్రం ఊడిపోయింది. కెప్టెన్ ఊర్మిళా యాదవ్, ఆమె సహ పైలటు, ఇద్దరూ స్త్రీలే. ఇంధనం కాల్చుకుని గువాహటిలో దింపారు. 52 మందీ క్షేమం. 2005 సెప్టెంబరు 21న అమెరికాలో జెట్‌బ్లూ 292 ముందు చక్రం అడ్డంగా తిరిగిపోయినప్పుడు ప్రయాణికులను, సామాన్లను వెనక్కి జరిపి ముక్కు బరువు తగ్గించారు. 146 మందీ బయటపడ్డారు. హెచ్‌ఏఎల్‌లో జరిగింది ఈ కోవలోదే.

తగవంతా ఒక పక్క ప్రధాన కాలు రానప్పుడే. ఉన్న కాళ్ల మీద దిగాలా, వాటినీ ఎత్తేసి పొట్ట మీద దిగాలా? ఒంటికాలి మీద దిగిన విమానం వేగం తగ్గేకొద్దీ రెక్కను నిలబెట్టలేక ఆ పక్కకు ఒరుగుతుంది, ఒరిగి గిర్రున తిరుగుతుంది, రన్‌వే దాటి మట్టిలోకి పోతుంది. పొట్ట మీద అయితే నిటారుగా జారుతుంది. అందుకని పొట్టే మేలన్నది ఒక పక్షం. ఉన్న కాలు కొంత దెబ్బను మింగుతుంది, రెక్కలోని ఇంధనపు ట్యాంకు నేలను తాకేసరికి వేగం తగ్గిపోయి ఉంటుంది, కాబట్టి ఉన్నది వదులుకోవద్దన్నది ఇంకో పక్షం. నా దృష్టిలో ఈ వాదం పైలటు గాలిలో తేల్చుకోవలసింది కాదు. ఆ విమానం తయారీదారు రాసిన పుస్తకం ఏ పక్షాన ఉంటే అదే పక్షం. రెక్క కింద ఉన్న విమానానికి, రెక్క పైన ఉన్న విమానానికి జవాబు ఒకటి కాదు. ప్రత్యామ్నాయ పద్ధతిలో ఇప్పటికే దించిన కాలును ఎత్తడం కుదరకపోతే ఆ ప్రశ్నే లేదు. ఒంటికాలి మీదే దిగాల్సి వస్తే, ఒరిగే పక్కకు రన్‌వే వెడల్పు ఎక్కువ మిగిలేలా రెండో అంచు వైపు దిగడం తెలివి.

ఇంజిన్ల సంగతీ ఇలాంటిదే. ప్రొపెల్లరు నేలను తాకి పాడవుతుందని దిగకముందే ఇంజిను ఆపి, రన్‌వే దాకా రాలేక కూలినవాళ్లు ఉన్నారు. యంత్రం ఖరీదు చూసుకునే సమయం కాదది. కానీ ఆలోచించి ఆపడం వేరు. 2007 సెప్టెంబరు 9న డెన్మార్క్‌లోని ఆల్బోర్గ్‌లో ఎస్ఏఎస్ సంస్థ క్యూ400 కుడి కాలు కూలినప్పుడు ప్రొపెల్లరు ముక్కలు విమానం గోడను చీల్చుకుని లోపలికి వచ్చాయి. అదే ఏడాది అక్టోబరు 27న అదే సంస్థ, అదే రకం విమానం కోపెన్‌హేగన్‌లో అదే పరిస్థితిలో పడింది. ఈసారి ఆ పక్క ఇంజినును ముందే ఆపి దిగారు. అందరూ బతికారు. నెలన్నరలో నేర్చుకున్న పాఠం అది.

ఇక నురుగు. నాగపూర్‌లో చక్రం పోగొట్టుకున్న ఆ అంబులెన్సును కెప్టెన్ కేసరీ సింగ్ ముంబయిలో, రన్‌వే మీద పరిచిన ఫోమ్ పైన పొట్టతో దింపాడు. రోగితో సహా ఐదుగురూ క్షేమం. ఆ దృశ్యం చూశాక నురుగు పరచడం తప్పనిసరి అనే భావన జనంలో నాటుకుంది. దీని చరిత్ర వేరు. నిప్పురవ్వలు తగ్గుతాయని 1966లో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ నురుగు పరచమని సిఫారసు చేసింది. 1987లో ఆ సిఫారసును వెనక్కి తీసుకుంది. కారణాలు సామాన్యమైనవే. విమానం సరిగ్గా నురుగు ఉన్న చోటే తాకుతుందని నమ్మకం లేదు. పరచడానికి సమయం పడుతుంది, అంతసేపు విమానం పైన ఇంధనం కాలుస్తూ ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఫైరింజన్లలో ఉన్న నురుగు నేలకే పోసేస్తే, నిజంగా మంట లేచినప్పుడు ఏం మిగులుతుంది? పెద్ద విమానాశ్రయంలో బండ్లు చాలా ఉంటాయి, కొంత పరిచినా కొరత రాదు. చిన్న ఎయిర్‌స్ట్రిప్‌లో ఉన్న ఒకటో రెండో బండ్ల నురుగును మంట కోసం దాచుకోవడమే సరైన పని.

ఒక్కసారి పొట్ట గానీ ఇంజిను గానీ నేలను తాకాక మళ్లీ లేవకూడదు. ఈ మాట పాకిస్తాన్ విమానం 8303 కథ తర్వాత ఎవరికీ వివరించనక్కర్లేదు. 2020 మే 22న కరాచీలో ఎక్కువ ఎత్తు నుంచి, ఎక్కువ వేగంతో దూసుకొచ్చిన ఎయిర్‌బస్ చక్రాలు లేకుండానే రన్‌వేను తాకింది. చక్రాలలో లోపం లేదు, మనుషుల లోపమే. రెండు ఇంజిన్లూ రన్‌వేను రాసుకున్నాక పైలట్లు పైకి లేపారు. కాసేపటికి రెండూ ఆగిపోయి విమానం ఇళ్ల మీద పడింది. లోపలి 99 మందిలో 97 మంది, కింద ఒకరు చనిపోయారు. తాకిన చోటే జారిపోయి ఉంటే ఇంతమంది పోయేవారు కాదన్నది నా బలమైన అభిప్రాయం.

జారడానికి చోటు ఉండాలి మరి. 2024 డిసెంబరు 29న దక్షిణ కొరియా మువాన్‌లో జేజు ఎయిర్ 2216 పక్షులు తగిలిన తర్వాత చక్రాలు లేకుండా దిగింది. రన్‌వే మీద జారుకుంటూ వచ్చి, దాని చివర దాటాక ఉన్న కాంక్రీటు దిమ్మెల మట్టిగట్టును గుద్దింది. 181 మందిలో ఇద్దరే మిగిలారు. దిక్కు చూపించే యాంటెనా కోసం కట్టిన గట్టు అది. విరిగిపోయే కమ్మీల మీద కట్టాల్సినదాన్ని గట్టి దిమ్మెల మీద కట్టారు.

మన చుట్టుపక్కల చోట్లను ఈ కళ్లతో చూడాలి. దేవనహళ్ళిలో నాలుగేసి వేల మీటర్ల రన్‌వేలు రెండు ఉన్నాయి. ఒకటి మూసుకుపోయినా ఇంకొకటి నడుస్తుంది, అగ్నిమాపక బలం పెద్దది. హెచ్‌ఏఎల్ రన్‌వే 3,300 మీటర్లు, మామూలు ప్రయాణికుల విమానాలు 2008 నుంచి అక్కడికి రావు, కాబట్టి దాన్ని ఒక విమానం కోసం కాసేపు మూసినా జనానికి ఇబ్బంది తక్కువ. చిన్న విమానానికి అది మంచి చోటు. జక్కూరు రన్‌వే శిక్షణ విమానాలది, చక్రాలు మడిచే జెట్టుకు పనికిరాదు. బాగేపల్లి నుంచి కొడికొండ దాటి పోతే పుట్టపర్తి. 1990లో తెరిచిన ఆ రన్‌వే సుమారు 2,200 మీటర్లు, చుట్టూ కొండలు, వచ్చేవి ఎక్కువగా చార్టర్ విమానాలు. బాగేపల్లి మీద ఎగురుతున్న విమానానికి అది దగ్గర. కానీ దగ్గర కావడం ఇంజిను ఆగినప్పుడు కావలసిన గుణం. చక్రం లోపానికి కావలసినవి పొడవు, వెడల్పు, ఫైరింజన్లు, ఆసుపత్రి. ఇంధనం ఉన్నంత వరకు ఇంకో ఇరవై నిమిషాలు ఎగిరి పెద్ద చోటికి పోవడమే మంచిది. రన్‌వే మూతపడుతుందన్న మొహమాటం కెప్టెనుకు అక్కర్లేదు. అత్యవసరం ప్రకటించాక ఎక్కడ దిగాలన్న అధికారం అతనిదే.

ఈ పీఠభూమికి ఇంకో లెక్క ఉంది. మూడు వేల అడుగుల ఎత్తున గాలి పలచన. వేగం చూపే ముల్లు సముద్రతీరంలో చూపిన అంకెనే ఇక్కడా చూపుతుంది, కానీ నేల మీద అసలు వేగం నాలుగైదు శాతం ఎక్కువ ఉంటుంది. ఏప్రిల్ ఎండలో ఇంకా ఎక్కువ. వేగం అంత పెరిగితే జారుతూ వదిలించుకోవలసిన శక్తి దాదాపు పది శాతం పెరుగుతుంది. చెన్నైలో దిగినట్టు ఇక్కడ దిగలేం.

ప్రయాణికుల పని చిన్నది, కానీ దానికి ప్రాణాల ఖరీదు ఉంది. చెప్పినట్టు వంగి తల కాపాడుకోవడం, ప్రొపెల్లరు వరుసలోని సీట్లు ఖాళీ చేయమంటే చేయడం, ఆగాక సంచుల కోసం వెనక్కి తిరగకుండా దిగిపోవడం. ముక్కు నేలకు ఆనిన విమానంలో వెనక తలుపు ఎత్తుగా ఉంటుంది, ఏ తలుపు వాడాలో సిబ్బంది చెప్పేదాకా తోసుకోకూడదు.

ఇదంతా లోపం వచ్చాక చేసే పని. రాకముందు చేసేది హ్యాంగరులో. ఆల్బోర్గ్‌లో కూలిన కాలుకు కారణం ఆక్చుయేటర్ రాడ్డు చివర మరలో పట్టిన తుప్పు. మూడు రోజులకే లిథువేనియాలో ఇంకో క్యూ400 కూడా అలాగే కూలింది. కోపెన్‌హేగన్‌లో కారణం వేరు, ఒక రబ్బరు రింగు తప్పిపోయి ఆయిలు దారిని మూసేసింది. మర్నాడే ఎస్ఏఎస్ ఆ రకం విమానాలన్నిటినీ శాశ్వతంగా పక్కన పెట్టింది. యునైటెడ్ 173 కాలును పడేసిందీ తుప్పే. సముద్రగాలి తగిలే ఊళ్ల మధ్య తిరిగే చిన్న విమానాలకు, ఆ మరలను విప్పి చూసే మెకానిక్కు పైలటుకంటే ముందు వరుసలో ఉంటాడు. హెచ్‌ఏఎల్‌లో, దేవనహళ్ళిలో ఆ పనిలోకి పోతున్న మన పిల్లలు చాలామందే ఉన్నారు. వాళ్ల సంతకం లేనిదే విమానం కదలదు.

చివరగా, మళ్లీ చెక్‌లిస్టు దగ్గరికి. 2011 నవంబరు 1న న్యూయార్క్ పక్కనున్న నెవార్క్ నుంచి వార్సా వచ్చిన పోలండ్ బోయింగ్ 767 ఒకటి లేచిన కాసేపటికే ఒక హైడ్రాలిక్ వ్యవస్థ ఆయిలంతా కార్చుకుంది. కెప్టెన్ తదేవుష్ వ్రోనా సముద్రం దాటించి తెచ్చాడు. వార్సాలో ప్రత్యామ్నాయ పద్ధతి కూడా పనిచేయలేదు. 231 మందితో మూడు కాళ్లూ లేకుండా పొట్ట మీద దింపాడు, ఒక్కరికీ గట్టి దెబ్బ తగల్లేదు. తర్వాత విమానాన్ని క్రేన్లతో ఎత్తి, కాక్‌పిట్‌లో బయటికి వచ్చి ఉన్న ఒక సర్క్యూట్ బ్రేకరును లోపలికి నొక్కి, మీట వేశారు. మూడు కాళ్లూ బయటికి వచ్చాయి.